ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన తరువాత

ఆపరేషను బాగా జరిగింది, కుట్లు మానాయి, ఇంటికి పంపించారు. ఇక గండం గడిచినట్టే అనుకుంటాము. మా పిన్ని విషయంలో మేమూ అలాగే అనుకున్నాము.

రొమ్ము కాన్సరు వలన ఆమెకు కుడి రొమ్మును, చంకలోని గ్రంథులను తీసివేశారు. ఇంటికి వచ్చిన నాటి నుండి ఆమెను చెంబెడు నీళ్లు కూడా ముంచుకోనివ్వలేదు. కోడలు జడ వేసేది. కూతురు అన్నం కలిపి ముద్దలు పెట్టేది. "చెయ్యి కదపకమ్మా, కుట్లు లాగుతాయి" అని చూడవచ్చినవారందరూ చెప్పేవారు. అందరిదీ ప్రేమే. డిశ్చార్జి రోజున చేతి వ్యాయామం గురించి నర్సమ్మ గబగబా చెప్పిన నాలుగు మాటలు బిల్లుల గొడవలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

కీమోథెరపీ అయిపోయి రేడియేషనుకు వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ చికిత్సకు బల్ల మీద వెల్లకిలా పడుకొని చేతిని తలపైకి ఎత్తి ఉంచాలి. పిన్ని చేయి భుజం ఎత్తు దాటలేదు. అది లేచేవరకు రేడియేషను వాయిదా వేశారు. కాన్సరుకు భయపడిన దానికన్నా ఆ రోజు మేము ఎక్కువ భయపడ్డాము.

ఫిజియోథెరపీ నేర్పే అమ్మాయి చెప్పింది చాలా చిన్న పని. గోడకు ఎదురుగా నిలబడి, బల్లి పాకినట్టు వేళ్లను మెల్లగా పైకి పాకించాలి. లాగినట్టు అనిపించిన చోట కాసేపు ఆగి, దించాలి. నొప్పి మరీ ఎక్కువైతే మానాలి. రోజుకు మూడు నాలుగు సార్లు. తన తల తానే దువ్వుకోవాలి. బాబాయి ప్రతి సాయంత్రం వేలు అందిన చోట గోడ మీద బొగ్గుతో గీత గీసేవాడు. నెల తిరగకముందే గీతలు కేలండరు మేకు దాటాయి. సున్నం వేసేటప్పుడు కూడా ఆ గీతలను చెరపనివ్వలేదు పిన్ని.

చంకలోని గ్రంథులు తీసినవారు మరొకటి గుర్తుంచుకోవాలి. చేతిలో ఊరే నీరు తిరిగి రక్తంలో కలిసే దారి ఆ గ్రంథుల గుండానే. అవి లేనందున కొందరికి చేయి వాచవచ్చు. నెలలకే కావచ్చు, ఏళ్లు గడిచాక కావచ్చు. ఉంగరం, గాజులు బిగుసుకుపోవడం, చేయి బరువుగా ఉండడం మొదటి గుర్తులు. అప్పుడే డాక్టరుకు చూపించాలి. పొలం పనిచేసే మన ఆడవారికి ముల్లు గుచ్చుకోవడం, కొడవలి గీసుకోవడం మామూలే. ఆ చేతికి చిన్న గాయమైనా సబ్బుతో కడగాలి. ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. అలాగని జన్మంతా బిందె ఎత్తకూడదని కాదు. బలం వచ్చేకొద్దీ బరువు పెంచుకోవచ్చు.

చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఒకటుంది. ఒకవైపు బరువు లేక భుజం వంగుతుంది, నలుగురిలోకి రావడానికి మనసొప్పదు. మెత్తని గుడ్డతో కుట్టిన దూది సంచిని రవికె లోపల పెట్టుకోవచ్చు. మా పిన్నికి దానిని కుట్టి తెచ్చింది స్త్రీల సమాజంలోని ఒక దర్జీ అక్క. పరామర్శకు వచ్చి "ఎన్నాళ్లు ఉంటుందన్నారు?" అని గుసగుసలాడిన వారికన్నా ఆమె వేయి రెట్లు మేలు చేసింది. ఇంకొకరైతే గ్లాసు ముట్టుకోలేదు. కాన్సరు అంటువ్యాధి కాదని ఎన్నిసార్లు చెప్పాలో!

హార్మోనుకు సంబంధించిన రకమైతే టామాక్సిఫెన్ వంటి మాత్ర రోజూ కనీసం 5 ఏళ్లు వేసుకోవాలి. ఒంట్లో బాగుందని చాలామంది మధ్యలో మానేస్తారు. డాక్టరు చెప్పనిదే మానవద్దు. బయాప్సీ కాగితం మొదలు అన్నీ ఒకే సంచిలో ఉంచండి.

చికిత్సకు, తిరిగి చూపించుకోవడానికి రైలులో వెళ్లే కాన్సరు రోగికి స్లీపరులోను, మూడవ తరగతి ఏసీలోను టికెట్టు ఉచితం. తోడు వెళ్లేవారికి నూటికి 75 వంతులు తగ్గిస్తారు. ఆసుపత్రిలో డాక్టరుచేత ఫారం మీద సంతకం చేయించుకోవాలి. అడగడానికి మొహమాటపడి మా పిన్ని రెండుసార్లు పూర్తి చార్జీ కట్టింది. మూడోసారి నేనే వెళ్లి అడిగాను. పది నిమిషాలు పట్టింది.