మనం చూడని మన సముద్రతీరం

విహార నౌక అనగానే మనకు మధ్యధరా సముద్రం గుర్తుకొస్తుంది. తెల్లని తెరచాపలు, నీలి నీళ్లు, కొండ అంచున ఎర్ర పెంకుల ఊళ్లు సినిమాల్లో చూసినవే. అక్కడి వారిలోనూ ఈమధ్య ఒక మార్పు వచ్చిందంటారు. ఫ్రాన్స్, ఇటలీ తీరాల్లో రద్దీ పెరిగిపోయి, జనం అంతగా వెళ్లని అల్బేనియా, మాంటెనెగ్రో తీరాలకు పడవలు తిప్పుతున్నారు. అందరూ చూసిన తీరం కన్నా ఎవరూ చూడని తీరానికే విలువ ఎక్కువ అన్నమాట.

మరి మన మాటేమిటి? ఆంధ్రప్రదేశ్ తీరం పాత లెక్కల్లో 974 కిలోమీటర్లు. ఇటీవలి కొత్త కొలతలో వెయ్యి దాటింది. ఇందులో మనకు తెలిసినదెంత? విశాఖ బీచి, మహా అయితే మచిలీపట్నం, బాపట్ల. పులికాట్ నుండి చీరాల వరకు ఉన్న దక్షిణ తీరాన్ని తీరిగ్గా చూసినవాళ్లు మన సభ్యులలో వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే ఉంటారనుకుంటాను.

పావగడ వాడికి సముద్రంతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర, ఒక వైపు కర్ణాటక. వాన తక్కువ. వేరుశనగ చేలు, రాళ్ల గుట్టలు, ఫ్లోరైడు కలిసిన బోరు నీళ్లు. ఇప్పుడు దాదాపు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వచ్చింది. అంటే మా ఎండకు గిరాకీ వచ్చింది గాని, నీటి కొరత తీరలేదు. అయినా మాకు సముద్రంతో ఒక చుట్టరికం ఉంది. నంది కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, మా తాలూకాలోని నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి గుడిని ఒరుసుకుంటూ పోయి, గండికోట లోయ దాటి, సోమశిల మీదుగా నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలుస్తుంది. మొత్తం 597 కిలోమీటర్లు. మా ఏరు ఇసుకగా కనిపించే రోజులే ఎక్కువైనా, దాని అత్తవారిల్లు మాత్రం ఆ తీరమే.

కరువు తవ్విన కాలువ

ఈ తీరానికి ఒక ప్రత్యేకత ఉంది. సముద్రానికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో, ఒడ్డుకు సమాంతరంగా ఒక ఉప్పునీటి కాలువ సాగుతుంది. అదే బకింగ్‌హాం కాలువ. ప్రకాశం, బాపట్ల ప్రాంతంలోని పెదగంజాం నుండి మద్రాసు మీదుగా మరక్కాణం వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 250 కిలోమీటర్లకు పైగా మన ఆంధ్రలోనే ఉంది. పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా కాలువలతో కలుస్తుంది గనుక, ఒకప్పుడు కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం ముఖం చూడకుండానే మద్రాసు చేరేది.

1806లో కాక్రేన్ అనే ఆంగ్ల వర్తకుడు మద్రాసు నుండి ఎన్నూరు దాకా దీన్ని మొదట తవ్వించాడు. 1837లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని క్రమంగా పొడిగించింది. తరువాత వచ్చింది 1876-78 నాటి మహా కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు నగరంలో అడయారు, కూవం నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల కాలువ ఆ కరువు పనుల కింద తవ్విందే. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో కాలువకు పెట్టారు. ఆకలితో ఉన్నవాడు తట్ట మోశాడు, పేరు మాత్రం ప్రభువుగారికి దక్కింది. ఆ కరువు మైసూరు రాజ్యాన్ని కూడా పీడించింది. మా పావగడ అప్పుడు ఆ రాజ్యంలోనిదే.

దీని పనితీరు ముచ్చటైనది. సముద్రపు పోటు నీరు ఏటి మొగల గుండా కాలువలోకి వస్తుంది. నదులను దాటే చోట నీరు నిలపడానికి లాకులు కట్టారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ చాలకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. బియ్యం, ఉప్పు, వంటచెరకు మద్రాసుకు ఇలాగే చేరేవి. తరువాత రైళ్లు, లారీలు వచ్చాయి. 1965-66లోనూ, 1976లోనూ వచ్చిన తుఫానులు కాలువను బాగా దెబ్బతీశాయి. నేడు చాలా చోట్ల పూడిక, ఆక్రమణలు. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను నాలుగవ జాతీయ జలమార్గంలో చేర్చారు. ఆ ప్రకటనకు తగినట్టు ఈ కాలువ పొడవునా పడవలు తిరిగే రోజు ఇంకా రాలేదు.

పని లేని కాలువ అని కొట్టిపారేయడానికి మాత్రం వీల్లేదు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పెదగంజాం నుండి మద్రాసు దాకా ఈ కాలువ పొంగివచ్చిన నీటిని తన కడుపులో పెట్టుకుని, వెనుక ఉన్న ఎన్నో పల్లెలను కాపాడింది. బ్యాంకు భాషలో చెప్పాలంటే, పుస్తకాల్లో విలువ సున్నాగా రాసుకున్న ఆస్తి ఆపదలో అక్కరకొచ్చింది.

నమ్మకమే వ్యాపారం

పెదగంజాంకు దగ్గరలోనే మోటుపల్లి ఉంది. నేడు చిన్న పల్లె. కాకతీయుల నాడు పెద్ద రేవు. కామర్సు చదివిన ప్రతి పిల్లవాడూ ఈ ఊరి పేరు తెలుసుకోవాలి. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నౌకల సరుకును రాజులు మొత్తం లాక్కోవడం ఆనాటి ఆచారం. గణపతిదేవ చక్రవర్తి 1244లో ఇక్కడ అభయ శాసనం వేయించి, న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోబోమని దేశ విదేశ వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్ఫయ్యవ వంతు. ఆ శతాబ్దం చివరి రోజుల్లో వచ్చిన మార్కోపోలో ఈ రాజ్యాన్ని మోటుపల్లి పేరుతోనే తన గ్రంథంలో ప్రస్తావించాడు. మునిగినవాడి సొత్తు ముట్టుకోనని రాజు రాతి మీద రాయిస్తే, వర్తకులు సముద్రాలు దాటి వచ్చారు. అప్పుకైనా, డిపాజిటుకైనా ఇప్పటికీ అదే సూత్రం.

పులికాట్ నీళ్ల మీద

రెండేళ్ల క్రితం జనవరిలో మా బంధువులం కొందరం కదిరి, మదనపల్లె, తిరుపతి మీదుగా సూళ్లూరుపేట వెళ్లాం. అక్కడికి దగ్గరలోని నేలపట్టులో గూడబాతులు చెట్ల నిండా గూళ్లు కట్టుకుని ఉన్నాయి. మరునాడు తడ దగ్గర భీమునివారిపాలెంలో పడవ ఎక్కాం. చిల్కా తరువాత దేశంలో పెద్దదైన ఉప్పునీటి సరస్సు పులికాట్. దానికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డుగోడలా శ్రీహరికోట దీవి. లోతు చాలా చోట్ల నడుము దాటదు. పడవవాడు ఇంజను ఆపి గెడ వేస్తే, దూరాన రాజహంసలు గులాబీ రంగు గీతలా కనిపించాయి.

మాతో మా పెద్దమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, అంత నీటిని ఎన్నడూ చూడలేదు. చెయ్యి ముంచి నాలుకకు తాకించుకుని, "ఇన్ని నీళ్లుండీ తాగేకి లేవంటే, ఇదేం రాత రా!" అంది. పడవవాడు నవ్వి, "మాదీ అదే కష్టం అమ్మా. తాగే నీళ్లు ఒడ్డు నుంచే దీవికి మోసుకోవాల" అన్నాడు. అతనిది ఇరకం దీవి. అక్కడివారికి సరుకైనా, చదువైనా, వైద్యమైనా పడవ మీదే. అతని తెలుగులో అరవం, మా తెలుగులో కన్నడం. అయినా ఆ గంటసేపట్లో ఇద్దరూ ఊరూ పేరూ, పెళ్లీ పేరంటం అన్నీ మాట్లాడేసుకున్నారు. సరిహద్దు తెలుగు సరిహద్దు తెలుగును గుర్తుపట్టింది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2011 క్రిస్మస్ నాడు తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర పడవ మునిగి 22 మంది పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు ప్రమాదం అందరికీ గుర్తుంది. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కవద్దు. ఇచ్చిన జాకెట్‌ను ఒళ్లో పెట్టుకోవద్దు, తొడుక్కోండి. పరిమితికి మించి ఎక్కించుకుంటే దిగిపోండి. శ్రీహరికోట రక్షిత ప్రాంతం గనుక పడవవాడు వెళ్లరాదన్న చోటికి బలవంతపెట్టవద్దు. నవంబరు నుండి ఫిబ్రవరి దాకా పక్షులకు మంచి కాలం. అయితే నవంబరు, డిసెంబరుల్లో తుఫాను కబురు చూసుకునే బయలుదేరాలి.

ఫ్రాన్సులో కెనాల్ దు మిదీ అనే కాలువ ఉంది. 1681లో పూర్తయి, తులూజు నగరాన్ని మధ్యధరా తీరంలోని ఉప్పునీటి సరస్సుతో కలిపింది. రైళ్లొచ్చాక దాని వ్యాపారమూ పడిపోయింది. కానీ వారు పూడ్చలేదు. లాకులు బాగుచేసుకుని విహార పడవలకు ఇచ్చారు. 1996లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మన కాలువ పొడవు దానికంటే ఎక్కువ. మన దగ్గర సరస్సు ఉంది, రేవుల చరిత్ర ఉంది. నడిపేవారికీ కొదవ లేదు. విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య 2017 సెప్టెంబరు నుండి 2018 మే వరకు మరి నలుగురు నౌకాదళ మహిళా అధికారులతో కలిసి 'తారిణి' అనే 55 అడుగుల తెరచాప నౌకలో భూగోళాన్ని చుట్టివచ్చారు. లేనిది ఆ కాలువ మనదన్న పట్టింపు ఒక్కటే.

జనం చూడని ఆస్తిని కాపాడమని ఏ ప్రభుత్వమూ ఒత్తిడి పడదు. కాబట్టి వచ్చే శీతాకాలం సెలవులకు ఊటీ, కొడైకెనాలు కాస్త పక్కన పెట్టి, పిల్లలను పులికాట్‌కో మోటుపల్లికో తీసుకువెళ్లండి. ఇంట్లో తెలుగు, బడిలో మరో భాష చదివే మన పిల్లలకు, తెలుగు నేల మ్యాపులో గీత కాదని, అవతలి ఒడ్డున పడవ కట్టుకుని నిలబడి మనలాగే మాట్లాడే మనిషి అని అప్పుడు తెలుస్తుంది. నీళ్ల సీసాలు మాత్రం ఇంటి నుండే నింపుకుని వెళ్లండి. నాలుగు ఎక్కువే పెట్టుకోండి, దీవి పిల్లలకూ పనికొస్తాయి.