విహార నౌకా ప్రయాణము – ఆరోగ్య నిబంధనలు

ఇంట్లోని పెద్దలను వెంటబెట్టుకొని విహార నౌకలో మూడు నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి వచ్చే అలవాటు మనవారిలో ఇటీవల బాగా పెరిగినది. మోకాళ్ళ నొప్పులతో ఊళ్ళు తిరగలేని వారికి ఇది మంచి మార్గమే. పెట్టెలు మాటిమాటికీ సర్దనక్కరలేదు, మెట్లు ఎక్కనక్కరలేదు, భోజనము పిలిచి పెట్టుతారు. సింగపూరులో మెరీనా బే, హార్బర్‌ఫ్రంట్ అనే రెండు రేవులు మనకు దగ్గరలోనే ఉన్నవి. జొహోరు నుండి, పేరాక్ నుండి కూడ మన బంధువులు ఇక్కడికి వచ్చి ఓడ ఎక్కుచున్నారు. అయితే "టీకా కాగితము ఇంకా అడుగుతారా? బయలుదేరే ముందు జ్వరము వస్తే డబ్బు పోయినట్లేనా?" అని మమ్ములను అడిగేవారు చాలమంది. 2020 నుండి 2023 వరకు నిబంధనలు ఎన్ని మార్లు మారినవో గుర్తున్న వారికి ఈ భయము సహజమే. మేము చదివి తెలిసికొన్నది కొంత, చేయి కాల్చుకొని నేర్చుకొన్నది కొంత ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఒక సంగతి. ఓడ ప్రయాణానికి ఆరోగ్య నిబంధనలు కొత్తగా వచ్చినవి కావు. మన తోటలలో పెద్దలు "కొరంటీను" అనే మాటను తెలుగు మాటవలెనే వాడేవారు. అది ఇటలీ భాషలో నలభై అనే అంకె నుండి పుట్టినది. ప్లేగు రోజులలో రేవుకు వచ్చిన ఓడలను నలభై రోజులు దూరంగా నిలిపి ఉంచేవారు. అంతకు ముందు 1377లో రగూసా పట్టణము వారు ముప్పై రోజుల గడువు పెట్టినారు. మన ప్రాంతంలో 1873లో కలరా వచ్చిన తరువాత, 1874లో సింగపూరుకు దక్షిణాన ఉన్న సెయింట్ జాన్స్ ద్వీపంలో కొరంటీను స్థానము తెరిచినారు. మనవారిలో ఎక్కువమంది పెనాంగులో దిగినారు గనుక, వారికి తెలిసినది జెరెజాక్ ద్వీపము. 1910లో ఒప్పందపు కూలి పద్ధతి పోయి, కంగాణి పద్ధతి ఒక్కటే నిలిచిన తరువాత కూడ ఈ పరీక్షలు ఆగలేదు. బట్టలు ఆవిరిలో పెట్టడము, టీకాలు వేయడము, ఎవరికైనా వ్యాధి కనబడితే ఓడవారినందరినీ ఆపివేయడము జరుగుచుండేది.

ఈనాడు కూడ మూలసూత్రము అదే. ఏ ఓడయైనా రేవులోకి రాకముందు, ఓడలో ఎవరికి ఏ జబ్బు ఉన్నదో కెప్టెను వ్రాసి ఇవ్వాలి. రేవు ఆరోగ్యాధికారులు ఒప్పుకొన్న తరువాతనే జనము దిగవచ్చు. పసుపుపచ్చ జెండా ఎగురవేస్తే "మా ఓడలో అందరూ క్షేమము, దిగుటకు అనుమతి కోరుచున్నాము" అని నేటి అర్థము. పాతకాలంలో ఆ పసుపు రంగే రోగానికి గుర్తు. ఓడ శుభ్రతకు వేరే ధ్రువపత్రము ఉన్నది. దానిని ఆరు నెలలకొకసారి కొత్తగా తీసుకోవాలి. ఇవన్నీ ప్రయాణీకుని కంటికి కనబడవు. కాని ఓడ ఏ ఊరిలో ఆగుతుంది, ఏ ఊరిలో ఆగదు అనే నిర్ణయము వీటి మీదనే ఆధారపడి ఉన్నది.

దీని పర్యవసానము 2020లో లోకమంతా చూచినది. ఆ ఫిబ్రవరిలో యొకొహామాలో డైమండ్ ప్రిన్సెస్ అనే నౌకను నిలిపివేసినారు. అందులోని 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకినది. అదే నెలలో వెస్టర్‌డామ్ అనే నౌక రేవు తరువాత రేవు తిరిగి, అందరూ పొమ్మంటే చివరకు కంబోడియాలో ఆగినది. మార్చిలో కోస్టా ఫోర్చునా అనే నౌకను థాయిలాండు, మలేసియా రానీయలేదు. అది సింగపూరులో బయలుదేరిన నౌక గనుక మార్చి 10న సింగపూరు దానిని రానిచ్చినది. మూడు రోజుల తరువాత, మార్చి 13న, విహార నౌకలు ఏవీ రాకూడదని సింగపూరు కూడ తలుపు వేసినది.

ఎనిమిది నెలల తరువాత, 2020 నవంబరు 6న, వరల్డ్ డ్రీమ్ అనే నౌకతో ఒక చిత్రమైన ప్రయాణము మొదలైనది. ఎక్కడికీ పోని ప్రయాణము! సింగపూరులో ఎక్కి, సముద్రంలో తిరిగి, ఏ రేవూ తాకకుండా సింగపూరులోనే దిగడము. ఇక్కడివారే ఎక్కాలి, ఎక్కేముందు పరీక్ష చేయించుకోవాలి, ఓడలో సగము మందికే చోటు. "డబ్బు ఇచ్చి కొరంటీను చేసికొనుట" అని మా తోటి ఉపాధ్యాయులొకరు వేళాకోళము చేసినారు. అయినా జనము వెళ్ళినారు. ఇంట్లో కూర్చుని విసిగి ఉన్నారు మరి.

ఆ డిసెంబరులో జరిగినది మాత్రము టిక్కెట్టు కొనే ప్రతివారూ తెలిసికోవాలి. డిసెంబరు 7న క్వాంటమ్ ఆఫ్ ది సీస్ అనే నౌక 1,680 మంది ప్రయాణీకులతో నాలుగు రోజుల యాత్రకు బయలుదేరినది. దారిలో 83 ఏళ్ళ పెద్దాయనకు కడుపులో బాగుండక ఓడ ఆసుపత్రికి వెళ్ళినారు. పరీక్షలో కోవిడ్ అని తేలినది. వెంటనే ఓడను వెనుకకు త్రిప్పినారు. అందరూ ఎవరి గదిలో వారే ఉండవలసి వచ్చినది, భోజనము తలుపు దగ్గర పెట్టినారు. ఆ సాయంత్రానికి గాని దింపుట మొదలు కాలేదు. తీరా ఒడ్డున మళ్ళీ పరీక్ష చేస్తే ఆయనకు ఆ వ్యాధి లేనేలేదు. ఎవరినీ తప్పు పట్టలేము. ఏ పరీక్షయైనా ఒక్కొక్కసారి పొరబడుతుంది, ఓడలో అనుమానము వస్తే వేచి చూచే వ్యవధి ఉండదు.

దీని నుండి మేము తీసిన మొదటి పాఠము గది గురించి. గదికి కిటికీ లేకపోతే ధర తక్కువ. "పడుకొనుటకే కదా" అని మనము దానినే ఎంచుకొంటాము. నిబంధన వచ్చి రోజంతా గది దాటరాదంటే, వెలుతురు లేని గదిలో ముసలివారికి ఊపిరి ఆడదు. పెద్దలు వెంట ఉంటే వసారా గది కాకపోయినా, కనీసము కిటికీ ఉన్న గది తీసుకోవడము మంచిది. ఓడ నడిమి భాగాన, క్రింది అంతస్తులలో ఊగుడు తక్కువ. కడుపు త్రిప్పేవారికి అదే అనుకూలము. చక్రాల కుర్చీ పట్టే వెడల్పు తలుపు గదులు ప్రతి ఓడలోనూ కొన్నే ఉంటవి, ముందే అడగాలి.

ఇక నియమము ఎవరు పెట్టుతారనే ప్రశ్న. బయలుదేరే రేవు గల దేశమొకటి, మధ్యలో ఆగే దేశాలు కొన్ని, నౌకా సంస్థ మరొకటి. ముగ్గురిలో ఎవరి నియమము కఠినమో అదే మనకు వర్తిస్తుంది. సింగపూరు 2023 ఫిబ్రవరి 13న కోవిడ్ సరిహద్దు నియమాలను తీసివేసినది. ఆ మే నెల 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. అంతమాత్రాన ఏ కాగితమూ అక్కరలేదని అనుకోరాదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలో పచ్చజ్వరము ఉన్న దేశాల నుండి వచ్చేవారు ఆ టీకా పత్రము చూపాలి. టీకా వేసిన పది రోజుల తరువాతనే ఆ పత్రము చెల్లుతుంది. సముద్ర మార్గాన సింగపూరుకు తిరిగివచ్చేవారు ఆరోగ్య వివరములతో కూడిన రాక పత్రమును, రాక దినముతో కలిపి మూడు రోజులలోపల, కంప్యూటరులో నింపాలి. అది ఉచితము. డబ్బు అడిగే చోట నింపినారంటే మోసపోయినట్లే. మా బంధువులలోనే ఇద్దరు అట్లా చెల్లించినారు.

ముఖ్యమైన మాట: టిక్కెట్టు కొన్ననాటి నియమము కాదు, ఓడ ఎక్కేనాటి నియమము చెల్లుతుంది. కనుక కొన్ననాడు ఒకసారి, పూర్తి సొమ్ము కట్టవలసిన గడువుకు ముందొకసారి, బయలుదేరే వారంలో ఒకసారి, మొత్తము మూడు మార్లు చూచుకోవాలి. రెండవ మారు అన్నింటికంటె ముఖ్యము. ఆ గడువు దాటితే మానుకొన్నందుకు కోత పెరుగుచూ పోయి, చివరి రోజులలో అంతా పోతుంది.

ఇక మా సొంత కథ. సరిహద్దులు మూతబడిన రెండేండ్లు మా అమ్మ లోయర్ పేరాక్‌లో, మేము సింగపూరులో ఉండిపోయినాము. వంతెన దారి 2022 ఏప్రిల్ 1న పూర్తిగా తెరిచినారు. అమ్మ వచ్చినది. అప్పటికి ఆమెకు డెబ్బై తొమ్మిది ఏండ్లు. తన తాత సముద్రము దాటి వచ్చినాడు గాని, తాను ఎన్నడూ ఓడ ఎక్కలేదని ఆమెకు కొరత. ఆ జూన్ చివర నుండి నౌకలు మళ్ళీ ఇతర దేశాల రేవులలో ఆగుట మొదలైనది. మేము పెనాంగు పోయే ఓడలో నలుగురికి చోటు తీసుకొన్నాము.

ఎక్కడానికి రెండు రోజుల ముందు ఇంట్లో పరీక్ష చేస్తే అమ్మకు కోవిడ్ గీత కనబడినది. ఒకే ఇంటివారము గనుక మిగిలిన మా ముగ్గురినీ కూడ రావద్దన్నారు. సరే, భీమా ఉన్నది కదా అనుకొన్నాము. భీమా వారు వైద్యుని ధ్రువపత్రము అడిగినారు. మేము ఇంట్లో చేసిన పరీక్షను చెత్తబుట్టలో వేసి, అమ్మకు మిరియాల కషాయము పెట్టి పడుకోబెట్టినాము. క్లినిక్‌కు వెళ్ళేసరికి గీత పోయినది. భీమా నుండి ఒక్క డాలరు రాలేదు. నౌకా సంస్థ మాత్రము సొమ్ములో కొంత భాగానికి, మరొక ప్రయాణానికి పనికివచ్చే చీటీ ఇచ్చినది. ఈ షరతులన్నీ భీమా పుస్తకంలో పదకొండవ పుటలో ఉన్నవి. మా ముత్తాత చదువు రాక ఒప్పందము మీద వేలిముద్ర వేసినాడు. మేము చదువు చెప్పే వృత్తిలో ఉండి కూడ చదవకుండానే గుర్తు పెట్టినాము.

కనుక భీమా విషయంలో నాలుగు సంగతులు చూడండి. టిక్కెట్టు కొన్న రోజుననే తీసుకోవాలి. అప్పటికే తెలిసిన ఆపదకు తరువాత తీసుకొన్న భీమా చెల్లదు. రక్తపోటు, చక్కెర వంటి పాత జబ్బులు ఉన్నవారికి అవి కలిసి ఉన్నవా అని అడగాలి. ఎక్కువ పాలసీలలో అవి చేరవు. ఓడ నుండి ఒడ్డుకు రోగిని తరలించే ఖర్చు చేరినదా చూడాలి, హెలికాప్టరు వచ్చినదంటే ఆ బిల్లు మామూలుది కాదు. ప్రయాణము మానుకొంటే ఏ కాగితము చూపాలో ముందే వ్రాసి పెట్టుకోవాలి. సింగపూరు మెడిషీల్డ్ లైఫ్ సముద్రము మీద పనికిరాదు. ఓడ వైద్యుడు ఉచితంగా చూడడు.

నౌకా సంస్థలు ఇచ్చే చీటీలు కూడ డబ్బుతో సమానము కావు. 2022 జనవరిలో జెంటింగ్ హాంకాంగ్ సంస్థ దివాలా తీసినది. ఎక్కడికీ పోని ప్రయాణాలు మొదలుపెట్టిన ఆ వరల్డ్ డ్రీమ్ నౌకయే మార్చిలో సింగపూరు నుండి ఆగిపోయినది. ఇటువంటప్పుడు చీటీ పట్టుకొన్నవారు కూడ ఋణదాతల వరుసలో నిలబడవలసినదే. చీటీ వస్తే త్వరగా వాడుకోండి. నగదు అడిగే హక్కు ఉంటే నగదే అడగండి. క్రెడిట్ కార్డుతో కట్టినవారికి ఆ బ్యాంకు ద్వారా అడిగే అవకాశము ఒకటి అదనంగా ఉంటుంది.

మేము ఆ చీటీతో 2023లో అమ్మను మళ్ళీ తీసుకొనిపోయినాము. టీకా కాగితము ఎవరూ అడుగలేదు. రేవు వదిలిన కొద్దిసేపటికి ప్రక్కన పచ్చని దీవులు కనబడినవి. సెయింట్ జాన్స్ ద్వీపము చూపించి, పూర్వము కొరంటీను అక్కడే ఉండేదని చెప్పినాము. అమ్మ చాలసేపు కటకటాలు పట్టుకొని నిలబడినది. తన నాయనమ్మ జెరెజాక్‌లో దిగినప్పుడు పెండ్లి చీరను ఆవిరిలో పెట్టి తిరిగి ఇస్తే, రంగంతా దిగిపోయి ఉన్నదట. బ్రతికి ఉన్నన్నాళ్ళూ ఆమె కూలిని గాని, ఎండను గాని తిట్టలేదు, ఆ చీర రంగు తీసినవారినే తిట్టేదని అమ్మ చెప్పినది. ఇన్నేండ్లలో ఈ మాట మేము వినడము అదే మొదలు.

ఓడలోపల జాగ్రత్తలు రెండు మాటలలో. నేడు నౌకలలో తరచుగా వచ్చేది నోరోవైరస్ అనే వాంతులు, విరేచనాల జబ్బు. చేతికి రాసుకొనే స్పిరిట్ మందు దాని మీద సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్ళే మందు. భోజనశాల వాకిట సీసా చూచి తృప్తిపడక, చేతులు కడుగుకొని కూర్చోండి. జబ్బు వస్తే దాచవద్దు. గదిలో ఉంచుతారని భయపడి దాచినవారి వల్లనే పదిమందికి ప్రాకుతుంది. రోజూ వేసుకొనే మందులు పెద్దపెట్టెలో కాక చేతిసంచిలో, రెండు మూడు రోజులకు ఎక్కువగానే పెట్టుకోండి. పెద్దపెట్టె గదికి చేరేసరికి ఒక్కొక్కసారి రాత్రి అవుతుంది. గర్భిణీ స్త్రీలను 24వ వారము దాటితే చాల సంస్థలు ఎక్కించుకోవు. ఆరు నెలలు నిండని పసివారినీ అంతే. పాస్‌పోర్టు గడువు తిరిగివచ్చే నాటికి ఇంకా ఆరు నెలలు ఉండవలెనన్నది అందరికీ తెలిసినదే అయినా, రేవులో నిలిచిపోయేవారు ప్రతి ఓడకూ ఉంటూనే ఉన్నారు.

కంప్యూటరులో పత్రములు నింపడము కష్టమయ్యే పెద్దలు శనివారపు తెలుగు తరగతి ముగిసిన తరువాత పాస్‌పోర్టు, టిక్కెట్టు తీసుకొని రండి. మా పెద్దతరగతి పిల్లలు ప్రక్కన కూర్చుని నింపించి పెట్టుతారు. భీమా పుస్తకము కూడ తీసుకొని రండి, పదకొండవ పుట కలిసి చదువుదాము.