పదమూడు వందల ఏళ్ల కొత్త గుడి

జపాన్‌లో షింటో మతపు ఆలయాలు వేలకొద్దీ ఉన్నా, అన్నిటికీ పెద్దదిక్కు మియె ప్రాంతంలోని ఇసే. అక్కడ సూర్యుడు ఆడదేవత. పేరు అమతెరాసు. చక్రవర్తుల వంశానికి మూలపుటమ్మ ఆవిడేనంటారు. లోపలి ఆలయం నైకూ ఆవిడది. వెలుపలి ఆలయం గెకూలో అన్నం పెట్టే దేవత తొయోఉకే ఉంటుంది. పరివార ఆలయాలతో కలిపి మొత్తం 125.

ఈ గుడిని ఇరవై ఏళ్లకోసారి మళ్లీ కడతారు! పక్కనే ఖాళీగా ఉంచిన స్థలంలో అచ్చు అలాంటిదే లేపి, రాత్రిపూట దేవతను అందులోకి తరలించి, ఆపైన పాతదాన్ని విప్పేస్తారు. 690లో మహారాణి జితో కాలంలో మొదలైందీ ఆచారం. మధ్యలో యుద్ధాల వల్ల 120 ఏళ్లకు పైగా ఆగినా మళ్లీ పట్టాలెక్కింది. 2013లో జరిగింది 62వది.

ఇరవై ఏళ్లే ఎందుకు? స్తంభాలకు రాతి పునాది లేదు, నేరుగా మట్టిలో పాతినవే. పైకప్పు గడ్డిది. తేమకు ఎంతకాలమని ఆగుతాయి అంటారు కొందరు. ఒక తరం వడ్రంగులు తర్వాతి తరానికి పని నేర్పడానికి ఆ గడువు సరిపోతుందని ఇంకొందరంటారు. నాకైతే ఈ రెండో మాటే నచ్చుతుంది.

ప్రతిసారీ పదివేల దాకా హినోకి చెట్టు దుంగలు కావాలి. అందుకని సొంత అడవిలో రెండు వందల ఏళ్ల ముందుచూపుతో 1920లలోనే మొక్కలు నాటడం మొదలుపెట్టారు. పాత కలపనూ వృథా పోనివ్వరు. గర్భగుడి పెద్ద స్తంభాలు నైకూకి దారితీసే ఉజి వంతెన రెండు చివర్లా తోరణాలుగా నిలబడతాయి. మరో ఇరవై ఏళ్లు గడిచాక వేరే ఊళ్లకు తోరణాలుగా వెళ్తాయి.

నైవేద్యం రోజూ రెండు పూటలా గెకూలోనే. అన్నం, ఉప్పు, నీళ్లు, చేప, సముద్రపు నాచు, కూరగాయలు, పండ్లు, బియ్యంతో చేసిన సాకే మద్యం. వంటకు నిప్పు కర్రతో కర్ర రాపిడి చేసి పుట్టిస్తారు. మన యజ్ఞాల అరణి గుర్తొచ్చిందా?

జపాన్ చరిత్రలో ఎదో అనే యుగంలో ఇసే యాత్ర ఒక ప్రభంజనం. 1830లో కొన్ని నెలల్లోనే 40 లక్షల మందికి పైగా వచ్చారని అంచనా. రాలేని యజమానులు మెడకు డబ్బు కట్టి కుక్కల్ని పంపేవారు. దారిలో జనం వాటికి తిండి పెట్టి సాగనంపేవారు. పుణ్యం కుక్కకా, యజమానికా అన్నది వాళ్లే తేల్చుకోవాలి!

ఇక్కడ విగ్రహం ఉండదు. అమతెరాసుకు ప్రతిరూపమైన అద్దాన్ని ఎవరికీ చూపరు. గంట కూడా ఉండదు. రెండుసార్లు వంగి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మరోసారి వంగుతారు. ముందు గెకూ, తర్వాత నైకూ అన్నది పాత పద్ధతి. నైకూలో రాతిమెట్లు దాటాక ఫొటోలు తీయనివ్వరు.

63వసారి గుడి మారేది 2033లో. ఆ పనులకు తొలి పూజ 2025లోనే జరిగింది. 2033 శరదృతువు తర్వాత వెళితే పాత గుడీ కొత్త గుడీ పక్కపక్కనే కనిపిస్తాయి. పాతది విప్పేలోపే చూసి రండి.