రెండో ప్రశ్న కోసం

అమీర్‌పేటలో మైత్రివనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో కోర్సు నోట్సుతోపాటు ఇంటర్వ్యూ ప్రశ్నజవాబుల కట్టలూ దొరుకుతాయి. యూట్యూబ్‌లో అవే ఉచితం. చాట్‌జీపీటీని అడిగితే మన పేరూ కాలేజీ పేరూ పెట్టి మరీ రాసిస్తుంది. మీ బలహీనత ఏమిటని అడిగితే “పని నూటికి నూరుపాళ్లూ కుదిరేదాకా వదలలేను” అని చెప్పమంటాయి అన్నీ. విని విని ఇంటర్వ్యూ చేసేవాళ్లకూ అది కంఠతా వచ్చేసి ఉంటుంది. ఈ కట్టలు బొత్తిగా పనికిరావని అనను, మొదటి ప్రశ్నను అవి దాటిస్తాయి. కానీ కాస్త ఓపికున్న ప్యానెల్ అక్కడితో ఆగదు. “అలా వదలలేక ఇబ్బంది పడ్డ సందర్భం ఒకటి చెప్పండి. అప్పుడేం చేశారు?” అంటుంది. ఈ రెండో ప్రశ్నకు జవాబు ఏ కట్టలోనూ ఉండదు, ఎదురుగా కూర్చున్న మనిషి గతంలోనే ఉండాలి. ఇంటర్వ్యూకి సిద్ధపడటమంటే ముందుగా ఆ గతాన్ని తవ్వి పెట్టుకోవడమేనని నా వాదన.

ఇలా జరిగినదాని గురించి అడగడం వెనక నలభై ఏళ్ల పరిశోధన ఉంది. జరిగిపోయిన సంగతుల మీద పద్ధతిగా ప్రశ్నలు వేస్తే అభ్యర్థి రేపు ఎలా పనిచేస్తాడో మెరుగ్గా అంచనా కట్టొచ్చని 1982లో టామ్ జాంజ్ అనే పరిశోధకుడు చూపించాడు. 2022లో పాల్ శాకెట్ బృందం అంతకుముందు దశాబ్దాల అధ్యయనాలను మళ్లీ లెక్కగట్టింది. అందరినీ ముందే రాసుకున్న ప్రశ్నలే అడిగి, ముందే అనుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూకీ ఆ తర్వాతి పనితీరుకీ ఉన్న సంబంధం 0.42గా తేలింది. సున్నా అయితే ఏ సంబంధమూ లేనట్టు, ఒకటి అయితే అంచనా ఎన్నడూ తప్పనట్టు. నోటికొచ్చిన ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూకి వచ్చింది 0.19 మాత్రమే. “ఫలానా పరిస్థితిలో మీరేం చేశారు?” అన్న తరహా ప్రశ్నలకు పెద్ద కంపెనీల్లో ఇంత చోటు దొరకడానికి ఒక కారణం ఇలాంటి పరిశోధనే. యూపీఎస్సీ బోర్డు ముందు కూడా అభ్యర్థి స్వయంగా నింపిన దరఖాస్తే ఉంటుంది. సొంత జిల్లా, చదివిన సబ్జెక్టు, చేసిన ఉద్యోగం, హాబీ, ఇలా చాలా ప్రశ్నలు అందులోంచే పుడతాయి.

“ఇంకా ఉద్యోగమే చేయనివాడికి గతమెక్కడిది?” అన్నది మొదటి అభ్యంతరం. పైగా ఫైనలియర్ ప్రాజెక్టు కొనుక్కురావడం మన ఇంజినీరింగ్ కాలేజీల్లో బహిరంగ రహస్యమే. అయినా చేతులెత్తేయనక్కర్లేదు. ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు ఒకటి కొన్నారనుకోండి. కోడ్ తెరిచి, గదిలో వెలుతురు తగ్గితే ఏమవుతుందో, కళ్లజోడు తీస్తే గుర్తుపడుతుందో లేదో నలుగురు స్నేహితుల ఫొటోలతో చూసినా చాలు. ఎక్కడ తప్పింది, ఏం మార్చారు, ఏం చేసినా ఎందుకు కుదరలేదు అన్నది ఇక మీ సొంతం. “మూల కోడ్ బయటిది, ఈ పరీక్షలు నావి” అని చెప్పుకోవచ్చు, చెప్పుకోవాలి కూడా. బీకాం చదువుతూ ఎరువుల దుకాణంలో బిల్లులు చూసిన అమ్మాయి రెజ్యూమెలో “టీమ్ ప్లేయర్” అని రాస్తుందిగానీ దుకాణం ఊసెత్తదు. నామోషీ కాబోలు. ఖరీఫ్ హడావిడిలో యూరియా బస్తాల లెక్క పుస్తకంలో ఒకటీ గోడౌన్లో ఒకటీ అయినప్పుడు తేడా ఎక్కడుందో తనెలా పట్టుకుందో చెప్పగలిగితే, అకౌంట్స్ ఉద్యోగానికి అంతకన్నా ఏం కావాలి? ఇలాంటి సందర్భాలు అయిదారు కాగితం మీద పెట్టుకోవాలి. అప్పటి చిక్కేమిటి, తన వంతు పనేమిటి, చివరికి ఏమైంది, ఇప్పుడైతే ఏం మార్చేవాళ్లు అన్నవన్నీ రాయాలి. “మేం చేశాం” అని రాసిన ప్రతిచోటా నేనేం చేశానో విడదీయాలి. మొహమాటం మనకు అడ్డొచ్చేది ఇక్కడే. ఆ తర్వాత ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టుకుని, అందులో అడిగిన ఏ అర్హతకు ఏ సందర్భం పనికొస్తుందో చూసుకోవచ్చు.

రాసినదాన్ని పదేపదే చదువుకుంటే మాత్రం లాభం తక్కువ. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత దాన్నే మళ్లీ చదివించారు, కొందరిచేత చూడకుండా గుర్తున్నంతా రాయించారు. అయిదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి పెడితే వాళ్లకు గుర్తున్నది 42 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. రాత్రి చదివినప్పుడు అంతా వచ్చేసినట్టు అనిపించేది ఆ అయిదు నిమిషాల ధీమాయే. కాబట్టి కాగితం బోర్లించి పైకి చెప్పుకోవాలి. ప్రతిసారీ మాటలు మారనివ్వాలి, సంగతి మారకూడదు. ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుంటే మంచిది. వాళ్లు మధ్యలో ఆపి “ఎందుకలా?” అని అడిగితే చాలు, వాళ్లకు ఆ రంగం తెలియాల్సిన పనిలేదు.

ఇంగ్లిష్ రాకుండా ఇదంతా ఎందుకంటారు కొందరు. 2016 సివిల్స్‌లో దేశంలోనే మూడో ర్యాంకు తెచ్చుకున్న శ్రీకాకుళం జిల్లా ఉపాధ్యాయుడు రోణంకి గోపాలకృష్ణ పరీక్ష తెలుగులో రాసి, ఇంటర్వ్యూలోనూ దుబాసీ సాయంతో తెలుగులోనే మాట్లాడారు. అయితే ఆ వెసులుబాటు యూపీఎస్సీది. రోజూ అమెరికా క్లయింటుతో మాట్లాడాల్సిన కంపెనీ దాన్ని ఇవ్వదు, ఇవ్వాలనడమూ న్యాయం కాదు. అక్కడ ఇంగ్లిష్ కావాల్సిందే. కాకపోతే సంగతి ముందుగా తెలుగులో తేటపడినవాళ్లకు చిన్నచిన్న ఇంగ్లిష్ వాక్యాలు సరిపోతాయి. బట్టీ పట్టిన పెద్ద వాక్యాలు రెండో ప్రశ్న దాకా సాగవు.

అడిగేవాళ్లకే ఒక పద్ధతి లేకపోతే? ఇది న్యాయమైన సందేహం. జేసన్ డానా బృందం 2013లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు యాదృచ్ఛికంగా, ప్రశ్న అర్థంతో సంబంధం లేకుండా అవును, కాదు అని జవాబులిచ్చారు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు అది పసిగట్టలేకపోయారు. పైగా మనిషి అర్థమయ్యాడనే అనుకున్నారు. మన సుప్రీంకోర్టు కూడా 1980లో అజయ్ హాసియా కేసులో, ఇంజినీరింగ్ సీట్లకు ఇంటర్వ్యూ మార్కులు మూడో వంతు ఉండటం తగదని, 15 శాతం మించరాదని చెప్పింది. అదృష్టం పాలు ఉందని ఒప్పుకోవాల్సిందే. అయినా “మీ గురించి చెప్పండి” అనే గాలివాటు ప్రశ్నను కూడా రెండు వాక్యాల్లో ముగించి, “నిరుడు నేను చేసిన ఒక పని చెబుతాను” అంటూ మన సందర్భం వైపు తిప్పుకోవడం మన చేతిలోనే ఉంది. చాలామంది ప్యానెల్ సభ్యులు అందుకు సంతోషిస్తారు కూడా, తర్వాతేం అడగాలో వెతుక్కునే పని తప్పుతుంది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి. సందర్భాలు కల్పించి చెప్పొచ్చు కదా? చెప్పొచ్చు. లెవషీనా, కాంపియన్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, ఊహించి చెప్పమన్న ప్రశ్నలకన్నా జరిగింది చెప్పమన్న ప్రశ్నలకు కల్పన తగ్గింది. కానీ గుచ్చి గుచ్చి అడిగితే అది మళ్లీ పెరిగింది. కాబట్టి రెండో ప్రశ్న అబద్ధాన్ని పట్టేస్తుందని నేననడం లేదు. నిజంగా చేసినవాళ్లకు దాని బరువు తక్కువని మాత్రమే అంటున్నాను. లేని అనుభవాన్ని కాగితాలతో సహా అమ్మే కన్సల్టెన్సీలు హైదరాబాద్‌లో ఉన్నాయి, అవి అమ్మిన కథ చెప్పి ప్యానెల్‌ను దాటినవాళ్లూ ఉంటారు. ఆ తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు పీఎఫ్ తాలూకు యూఏఎన్ నంబరు వివరాలు అడుగుతారు. ఏ కంపెనీ ఏ నెలలో పీఎఫ్ జమ చేసిందో అందులో వరసగా కనిపిస్తుంది.