పాలీఎమీన్లు: కణంలో నియంత్రణ

విశాఖ చేపలరేవులో కుళ్లిన చేపల కంపుకు ఒక కారణం పుట్రిసిన్. ఇది మన కణాల్లోనూ తయారవుతుంది. స్పెర్మిడిన్, స్పెర్మిన్‌లకు మూలం ఇదే. కణవిభజనకు ఈ పాలీఎమీన్లు తప్పనిసరి. మితిమీరితే విషం.

ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము పుట్రిసిన్‌ను తయారుచేస్తుంది. పాలీఎమీన్లు పెరిగినప్పుడు రైబోజోము సందేశ ఆర్‌ఎన్‌ఏపై ఒక న్యూక్లియోటైడును దాటేసి చదువుతుంది. అలా చదివితేనే యాంటీజైమ్ అనే ప్రోటీన్ పూర్తిగా తయారవుతుంది. అది ఎంజైమును పట్టుకొని ప్రోటియజోముకు అప్పగిస్తుంది. గమనించండి, ఇందుకు యుబిక్విటిన్ గుర్తు కూడా అక్కర్లేదు!

మిక్ జన్యువు అతిగా పనిచేసే కేన్సర్లలో ఈ ఎంజైము పెరిగిపోతుంది. ఎఫ్లోర్నిథిన్ మందు దానికి అతుక్కొని పనిచేయనివ్వదు. మన కణాలు కొత్త ఎంజైమును త్వరగా చేసుకుంటాయి. ఆఫ్రికా నిద్రవ్యాధి పరాన్నజీవి చేసుకోలేదు, అందుకే చిక్కుతుంది. పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా తిరగబెట్టే ముప్పును తగ్గించడానికి 2023 డిసెంబరులో అమెరికా ఇదే మందును అనుమతించింది.