కట్టంగూర్‌కు పళ్ల డాక్టర్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ చేరేలోపు కట్టంగూర్ తగులుతుంది. నల్లగొండ జిల్లాలో మండల కేంద్రం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉంది, మందుల షాపులున్నాయి, జ్వరమొస్తే సూదేసే ఆర్‌ఎంపీలున్నారు. పంటికి సర్కారు వైద్యం కావాలంటే మాత్రం బస్సెక్కాల్సిందే. పీహెచ్‌సీలో దంతవైద్యుడి పోస్టు మామూలుగా ఉండదు. అంతకు పై మెట్టు ఆసుపత్రుల్లోనే ఉంటుంది. అయిటిపాముల నుంచో ఈదులూరు నుంచో బయల్దేరే కూలీకి బస్సు కిరాయి కంటే ఆ రోజు పోయే కూలే బరువు.

పల్లెలకు దంతవైద్యులను రప్పించడానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలా, పెడితే దేని మీద పెట్టాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. వాటిలో చాలావరకు నిజం కాదు. ఆ నమ్మకాల వల్లే పెట్టిన కాస్త డబ్బు కూడా అవసరమైన చోటికి చేరడం లేదు.

అపోహ: "పళ్ల డాక్టర్లు దొరుకుతలేరు. దొరికితే సర్కారు ఎయ్యదా?"

డాక్టర్లకు కొదవ లేదు. నార్కట్‌పల్లి దగ్గరి శ్రీపురంలోనే కామినేని దంత వైద్య కళాశాల ఉంది. రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఒక్కటే అయినా, ప్రైవేటువి కూడా కలిపితే ఏటా వెయ్యికి పైగా బీడీఎస్ సీట్లున్నాయి. దేశం మొత్తం మీద డెంటల్ కాలేజీలు మూడు వందలు దాటాయి. నాలుగేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి బయటికొచ్చిన పిల్లల్లో చాలామంది హైదరాబాద్ క్లినిక్కుల్లో చాలీచాలని జీతానికి కుదురుకుంటున్నారు. కొందరు పంటి పనే వదిలేసి మెడికల్ కోడింగ్ కంపెనీల్లో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారు. 2025లో తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు డెంటల్ అసిస్టెంట్ సర్జన్లకు నోటిఫికేషన్ ఇస్తే, అందులో ఉన్న పోస్టులు 48. ఏటా వెయ్యి మంది తయారయ్యే రాష్ట్రంలో లేనిది డాక్టర్ కాదు, అతన్ని పల్లెలో ఉంచే పోస్టు.

కాలేజీ పక్కనే ఉంది కదా, అక్కడికి పోతే సరిపోదా అని అడగొచ్చు. పోతే మేలే. డెంటల్ కాలేజీ ఓపీలో బయటి క్లినిక్కుల కంటే ఖర్చు బాగా తక్కువ, విద్యార్థుల పనిని పక్కనుండి చూసే ప్రొఫెసర్లుంటారు. కాకపోతే పుచ్చిన దవడ పన్నును పీకకుండా కాపాడుకోవాలంటే రూట్ కెనాల్ చేయించుకోవాలి. దానికి రెండు మూడు సార్లు తిరగాలి, తరవాత తొడుగు కోసం మళ్లీ పోవాలి. పత్తి ఏరే రోజుల్లో, నాట్లు పడే రోజుల్లో అన్నిసార్లు పని మానుకోవడం కుదరదు. అందుకే మన ఊళ్లలో పంటి వైద్యమంటే చివరికి పన్ను గుంజించుకోవడమే అవుతోంది.

అపోహ: "హైవే పక్కన ఉన్న ఊరు వెనకబడిన ఊరెట్లయితది?"

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే అని నా నమ్మకం. వైద్యం అందని ఊరు అనగానే అడవి, గుట్ట, వాగు అవతలి గూడెం గుర్తొస్తాయి. ప్రభుత్వ లెక్కలూ దాదాపు అలాగే ఉన్నాయి. తెలంగాణ వైద్య నియామకాల్లో కాంట్రాక్టు మీద పనిచేసినవారికి ఇచ్చే వెయిటేజీనే చూడండి. గిరిజన ప్రాంతంలో చేసిన ప్రతి ఆరు నెలలకు 2.5 పాయింట్లు, మిగతా చోట్ల 2. గిరిజన ప్రాంతానికి ఆ అర పాయింటు ఇవ్వడం న్యాయమే, ఇంకా పెంచినా న్యాయమే. నా అభ్యంతరం ఆ 'మిగతా చోట్ల' అన్న దాని మీద. అందులో హైదరాబాదూ కట్టంగూరూ ఒకే గాటన పడుతున్నాయి.

అమెరికాలో 1970లో చట్టం చేసి నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ పెట్టారు. వైద్యులు లేని చోట పనిచేసే డాక్టర్ల, దంతవైద్యుల చదువు అప్పును అది ప్రభుత్వ డబ్బుతో తీరుస్తుంది. డబ్బు పంచే ముందే ఏది కొరత ప్రాంతమో అక్కడ కొలిచి పెట్టుకుంటారు. దంతవైద్యం విషయంలో మామూలు గీటురాయి ఒక డాక్టర్‌కు అయిదు వేల జనాభా, అవసరం ఎక్కువున్న చోట నాలుగు వేలు. ఊరి పక్కన హైవే ఉందా, గుట్ట ఉందా అని కాక, మనిషికి డాక్టర్ అందుతున్నాడా లేదా అని చూస్తారు. ఆ కొలతతో చూస్తే మన మైదాన మండలాల్లో ఎన్ని ఆ జాబితాకు ఎక్కుతాయో ఊహించడం కష్టం కాదు.

అపోహ: "జీతం పెంచితే వాళ్లే వస్తరు."

జీతం కావాలి, మంచి జీతమే కావాలి. అదొక్కటే చాలదు. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరిలో, దంతవైద్యులు దొరకని ప్రాంతాల్లో మూడేళ్లు పనిచేస్తే మనిషికి 20,000 పౌండ్ల చొప్పున 240 మందికి ఇస్తామని ప్రకటించారు. ఏడాది గడిచినా అందులో అయిదో వంతు కూడా నిండలేదని అక్కడి పార్లమెంటు కమిటీయే తేల్చింది. అప్పటికే జనం విసిగిపోయిన వ్యవస్థలోకి ఒకసారి ఇచ్చే సొమ్ముతో మనిషిని లాగడం అంత తేలిక కాదు.

మన దగ్గర సంగతి ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉంది. జనరల్ డాక్టర్ స్టెతస్కోపు, మందుల చీటీతో ఓపీ నడపగలడు. పంటి డాక్టర్ అలా నడపలేడు. పన్ను అరగదీసే ఎయిరోటార్ తిరగాలంటే గాలి కావాలి, ఆ గాలికి కంప్రెసర్ నడవాలి, కంప్రెసర్‌కు కరెంటు నిలకడగా ఉండాలి. నీళ్ల లైను వదులైతే పంటి మీద చల్లదనం అందదు. సక్షన్ మూగబోతే నోట్లో ఊరే నీళ్లు, రక్తం ఎటూ పోవు. పనిముట్లు ఉడికించడానికి ఆటోక్లేవ్, వేరు లోతు చూడడానికి ఎక్స్‌రే, సిమెంట్ కలిపి అందించడానికి పక్కన ఒక అసిస్టెంటు ఉండాలి. వీటిలో ఒక్కటి ఆగినా కుర్చీ ఉంటుంది, డాక్టర్ ఉంటాడు, వైద్యం మాత్రం ఉండదు. మత్తు సూదీ గుంజే పనిముట్లూ ఉంటే పన్ను పీకుతారు, అవీ లేకపోతే నొప్పి మాత్రలు రాసిస్తారు. అయిదేళ్లు నేర్చుకున్న చెయ్యి ఏడాది పాటు మాత్రలు రాస్తూ కూర్చుంటే ఏ యువ డాక్టరైనా బదిలీ కోసమే చూస్తాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

ఈ సంగతి కేంద్రానికి తెలియనిది కాదు. 2014–15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రులు, ఆ కింది ఆసుపత్రుల్లో డెంటల్ కుర్చీకి, పరికరాలకు, వాడకపు సామగ్రికి, కాంట్రాక్టు మీద తీసుకునే డాక్టర్, హైజీనిస్ట్, అసిస్టెంట్ల జీతాలకు జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా నిధులు అడిగే వీలుంది. రాష్ట్రం తన వార్షిక ప్రణాళికలో రాసి పంపితే వస్తాయి, రాయకపోతే రావు. కుర్చీ కొన్నాక దాని మరమ్మతుకూ, ఏటేటా అయిపోయే సామగ్రికీ పద్దు పెట్టారా అన్నదే అసలు పరీక్ష. కొన్న రోజు ఫొటో దిగడం సులువు.

అపోహ: "బాండ్ రాయించుకుంటే చచ్చినట్టు పనిచేస్తరు."

థాయిలాండ్‌లో దంతవైద్య పట్టభద్రులు మూడేళ్లు ప్రభుత్వ సేవ చేయాలన్న ఒప్పందం ఎన్నో ఏళ్లుగా ఉంది. అక్కడ ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడలేదు. మారుమూల పనికి అదనపు భత్యం, ప్రైవేటు ప్రాక్టీసు మానుకున్నవారికి వేరే భత్యం పెట్టారు. పల్లె పిల్లల పళ్లు చూసేందుకు రెండేళ్ల శిక్షణతో డెంటల్ నర్సులను తయారుచేశారు. పల్లెల్లో వైద్య సిబ్బందిని నిలబెట్టడం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో తెచ్చి 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఈ చర్యలన్నీ కలిపి చేయాలనే చెప్తాయి. వాటిలో నాకు అన్నింటికంటే దగ్గరగా అనిపించే మాట ఒకటుంది: పల్లెలో పుట్టి పెరిగిన విద్యార్థి చదువయ్యాక పల్లెలో నిలిచే అవకాశం ఎక్కువ. నకిరేకల్ జూనియర్ కాలేజీలో చదివి బీడీఎస్ సీటు తెచ్చుకున్న అమ్మాయి ఫీజు ప్రభుత్వమే కట్టి, సొంత నియోజకవర్గంలోనే పోస్టు ఇస్తే ఆమెకు బాండ్ బరువనిపించదు.

అపోహ: "భగీరథ నీళ్లొచ్చినయి. ఇంక మనకు గారపళ్ల బాధ లేదు."

నల్లగొండ పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఉన్నది ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టే ఈ బాధ (ఫ్లోరోసిస్) వల్లే. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే విధానాన్ని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దాన్ని ఇప్పటికీ 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్లు లేకుంటే 1.5 వరకు సర్దుకోవచ్చనీ మన ప్రమాణం. మన బోర్లు చాలాచోట్ల దాన్ని ఎప్పుడో దాటేశాయి.

మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. కృష్ణా నీళ్లు ఇంటింటికీ రావడం ఈ జిల్లాకు జరిగిన పెద్ద మేలు, సందేహం లేదు. ఆ నీళ్లు ఇకముందు పుట్టే పిల్లలను కాపాడతాయి. పాడైపోయిన పళ్లను మాత్రం మార్చలేవు. శాశ్వత దంతాల పైపొర, జ్ఞానదంతాలు తప్ప, ఎనిమిదేళ్ల వయసు లోపే చిగుళ్ల లోపల తయారవుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువైతే దెబ్బ తగిలేది అప్పుడే. ఆ మచ్చ పంటి పొరలోనే ఉంటుంది కాబట్టి బ్రష్‌తో, బొగ్గుపొడితో, ఉప్పుతో ఎంత తోమినా పోదు, ఉన్న పొర అరుగుతుంది. అంటే బోరింగు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఆ పళ్లతోనే ఇంకా నలభై, యాభై ఏళ్లు బతకాలి. పెళ్లిచూపుల్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న ఆడపిల్లలను ఈ జిల్లాలో చూడనివారు తక్కువ.

గారపళ్లు పుచ్చవన్న మాట కూడా సగమే నిజం. మరక లేతగా ఉన్న పన్ను పుచ్చును కొంత తట్టుకుంటుంది. పొర గుంటలు పడి పెళుసైన పన్ను చిట్లుతుంది, పుచ్చుతుంది. లేత మరకలను పైపైన అరగదీసి పోగొట్టవచ్చు. ముదిరినవాటికి రంగు కలిసే పూతో తొడుగో వేయాలి. ఇవన్నీ 'అందం కోసం చేయించుకునేవి' అన్న పద్దులోకి పోతున్నాయి. దవడ విరిగితే, నోటి క్యాన్సరైతే ఆరోగ్యశ్రీ ఉంది. గారపళ్లకు తొడుగు అందులో లేదు. ఆ బోరింగులు వేసింది ప్రభుత్వం, ఆ నీళ్లు తాగింది జనం. నల్లగొండ పళ్లకు అందం కోసమన్న ముద్ర వేయడం నా దృష్టిలో అన్యాయం. ఈ జిల్లాకు దంతవైద్యుల పోస్టులు జనాభా లెక్కన కాక ఫ్లోరోసిస్ లెక్కన ఇవ్వాలి.

అపోహ: "పన్ను గుంజిస్తే కండ్లు పోతయ్."

పంటి నరం వేరు, చూపు నరం వేరు. పన్ను తీస్తే చూపు తగ్గదు. ఈ భయం పోవడం ముఖ్యం, ఎందుకంటే భయంతో మాత్రలు మింగుతూ వాయిదా వేస్తే చీము దవడ కిందికి, మెడలోకి దిగి ఊపిరి అందని ప్రమాదం వస్తుంది. ఓపీకి ఎవరూ రావడం లేదని పోస్టును ఇంకోచోటికి తరలించేందుకు సాకు దొరికేది కూడా ఇలాంటి భయాల వల్లే.

అపోహ: "ఏడాదికోసారి క్యాంపు పెడితే సాలు."

క్యాంపులో పళ్లు చూస్తారు, పేస్టు పంచుతారు, 'ఆసుపత్రికి రండి' అని చీటీ రాస్తారు. బళ్లకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) బృందాలు పిల్లల్లో గుర్తించాల్సిన జబ్బుల జాబితాలో పంటి జబ్బులు కూడా ఉన్నాయి. 2013 నుంచీ ఉన్న కార్యక్రమం అది. పుచ్చు దొరికిన పిల్లవాడి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. ఆ తరవాత అతని పంటికి సిమెంట్ ఎవరు పెట్టాలి? వారానికి రెండు రోజులైనా కట్టంగూర్ పీహెచ్‌సీలో నడిచే కుర్చీ, దానికి ఒక డాక్టర్, ఒక అసిస్టెంటు, మరమ్మతు పద్దు కావాలి. వచ్చే గ్రామసభలో కాగితం మీద రాసి ఇవ్వాల్సినవి ఈ నాలుగే. రాష్ట్రం వార్షిక ప్రణాళిక కేంద్రానికి పోయేలోపు అది జిల్లా వైద్యాధికారికి చేరాలి.