మీకు తెలుసా? సిమ్ కార్డు మీద బంగారం, దాని వెనక పేటెంటు తగాదాలు

సిమ్ కార్డు మీద ఆరో ఎనిమిదో గళ్లుగా చీలి పచ్చగా మెరిసే చదరం ఉంటుంది చూశారా, అది నిజంగా బంగారు పూతే. బంగారానికి తుప్పు పట్టదు కాబట్టి కార్డుకు ఫోన్‌తో సంబంధం సులువుగా తెగదు.

ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు నడిపే ఏర్పాటు తనదేనంటూ మదురైకి చెందిన ఎస్. రామ్‌కుమార్ 2002లో దరఖాస్తు పెట్టారు. 2008లో 214388 నంబరు పేటెంటు చేతికొచ్చింది. దాన్ని చూపించగానే కస్టమ్స్ వాళ్లు 2009లో డ్యూయల్ సిమ్ ఫోన్ల దిగుమతులు ఆపేశారు. పేటెంటు నిలుస్తుందో లేదో తేలకముందే సరుకు ఆపడం తొందరపాటేనని నా అభిప్రాయం. ఫోన్ కంపెనీలు ఎదురు తిరిగాయి. 2012లో మేధో సంపత్తి అప్పిలేట్ బోర్డు ఆ పేటెంటును రద్దు చేసింది.

బంగారం తీసే పద్ధతి మీద కూడా ఇలాంటి తగాదా వందేళ్ల కిందటే నడిచింది. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు వెళ్తే సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. ఎండాకాలం గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. పిండి చేసిన రాతిని పలచటి సైనైడ్ నీళ్లలో ఉంచితే అందులోని బంగారం కరిగి నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లకు జింకు తగిలిస్తే బంగారం మళ్లీ బయటపడుతుంది. బంగారం తీసుకున్నాక మిగిలిన పిండే ఆ దిబ్బలు. ఈ పద్ధతికి 1887లో గ్లాస్గోలో మెక్‌ఆర్థర్, ఇద్దరు ఫారెస్ట్ సోదరులు పేటెంటు పొందారు. అయితే సైనైడ్‌లో బంగారం కరుగుతుందన్న సంగతి పూత పనివాళ్లకు 1840 నాటికే తెలుసు! దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ కోర్టు 1896లో పేటెంటును కొట్టేసింది. న్యూజిలాండ్ ప్రభుత్వం మాత్రం మరుసటి ఏడాది 10,000 పౌండ్లు కట్టి హక్కులు కొనేసింది. ఆ నిర్ణయం నాకు బాగా నచ్చింది.

కేజీఎఫ్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అక్కడి జనం రోజూ రైలెక్కి బెంగళూరు పనికి పోతున్నారు. కోలారు జిల్లాలోనే, నరసాపురలో, విస్ట్రాన్ కట్టిన ఫ్యాక్టరీలో ఐఫోన్లు తయారవుతున్నాయి. 2023లో అది టాటాల చేతికి వచ్చింది. ఆ ఉద్యోగాల్లో గని కుటుంబాల పిల్లలకు ముందు చోటు దక్కాలి.

అన్నట్టు, ఐఫోన్‌కూ ఇలాంటి తగాదా తప్పలేదు. వాయిస్ మెయిల్‌లను జాబితాగా చూపించి నచ్చినది ముందు వినే సౌకర్యం ఐఫోన్‌తో 2007లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, అది తన పేటెంటేనంటూ జూడా క్లౌస్నర్ కంపెనీ ఆపిల్ మీద దావా వేసింది. 2008లో ఇద్దరూ రాజీ పడ్డారు.